కట్టమంచివారి కొలబద్ద – ఆంధ్రవిశ్వకళాపరిషత్తు

కట్టమంచి రామలింగారెడ్డిగారిని స్మరించునపుడు మనవారు రెండు తెఱంగుల మాటలాడుదురు. సాహిత్యాభిమానులు ‘కవిత్వతత్త్వవిచారము’ పేరెత్తి, తెనుగున నవీన విమర్శకు దారితీసినవాడని నమస్కరింతురు. విశాఖపట్టణమున చదివినవారు ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు మొదటి ఉపాధ్యక్షుడని, దానిని కన్నబిడ్డవలె సాకినవాడని కొనియాడుదురు. ఈ రెండు స్తుతులును సత్యములే. కాని వీనిని కలిపి చూచినవారు అరుదు. పుస్తకము వ్రాసిన రెడ్డిగారు వేఱు, పరిషత్తును నడపిన రెడ్డిగారు వేఱు అన్నట్లు మన వ్యాసములు సాగుచున్నవి. ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని యొక్కటే: కావ్యములను కొలుచుటకు ఆయన చేపట్టిన కొలబద్దతోనే ఆయన కట్టిన విద్యాసంస్థను గూడ కొలిచి చూచుట. కవిని విమర్శించుటకు జంకని మహానుభావుని విమర్శించుటకు మనము జంకినచో, అది ఆయనకు గౌరవము కానేరదు.

హోసూరు సీమ తెలుగువారికి ఈ విచారము ఎందులకని యెవరైన అడుగవచ్చును. మన సీమ మొదట సేలము జిల్లాలోను, 1965 నుండి ధర్మపురి జిల్లాలోను, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలోను ఉన్నది. భాషారాష్ట్రములు ఏర్పడినపుడు తెలుగునాటికి వెలుపలనే నిలిచిన సీమ యిది. తెలుగు విశ్వవిద్యాలయముల నీడ మనపై సూటిగా పడలేదు. అందువలననే ఒక విశ్వవిద్యాలయము తన భాషకు ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అను ప్రశ్న మనకు ఇతరులకంటె ఎక్కువ అవసరము. పైగా రెడ్డిగారు మనవలె సరిహద్దున పుట్టినవారు.

సరిహద్దు మనిషి

రెడ్డిగారు 1880 డిసెంబరు 10న చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిరి. నాడు చిత్తూరు ఉత్తరార్కాడు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. తెనుగును అరవమును ఇరుగుపొరుగుగా వినవచ్చు సీమలో పెరిగినవానికి తన భాషను గూర్చి రెండు విధముల ఎఱుక కలుగును. అది తనదని తెలియును. అదొక్కటే లోకము కాదనియు తెలియును. ఉద్దనపల్లి అంగడిలో ఒకే బేరము మూడు భాషలలో సాగుట చూచిన మనకు ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగనే ఆయన 1899లో ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. మఱుసటి యేడు అది అచ్చయినది. 1902లో కేంబ్రిడ్జి నగరమందలి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి, చరిత్రశాస్త్రమున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైరి. స్వదేశమునకు వచ్చిన పిదప బరోడా కళాశాలలో అరవిందఘోషు విడిచిన స్థానమున పనిచేసిరి. 1909లో మైసూరు మహారాజా కళాశాలకు చరిత్రోపాధ్యాయులుగా వచ్చిరి. ఆ కళాశాలకే ప్రధానాచార్యులై, 1918 నుండి 1921 వఱకు మైసూరు రాజ్యమున విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉండిరి. ఆచార్యుడు పాలకుడగు మార్గమున ఇది తొలి మెట్టు. కాని మైసూరు కాలమును అందుకొనుటకు ముందు ఆయన విమర్శగ్రంథమును పరిశీలింపవలెను. ఏలయన కొలబద్ద ఆ గ్రంథమున నున్నది.

కొలబద్ద

‘కవిత్వతత్త్వవిచారము’ 1914లో వెలువడినది. పింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయము’, ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’ దానికి ముఖ్యవిషయములు. కాని గ్రంథము సూరనతో ఆగలేదు. తెనుగు కవిత్వమంతటిని పిలిచి బోనులో నిలిపినది. వాదసారమును నా మాటలలో చెప్పెదను. కవిత్వము పదముల కూర్పు కాదు, భావన చేసిన సృష్టి. ఊహ వేఱు, భావన వేఱు. ఊహ పోలికలను ఏరి తెచ్చును; భావన వానిని కరగించి, ప్రాణముగల యొక్క వస్తువుగా నొనర్చును. వర్ణన కథకు లోబడి యుండవలెను గాని కథ వర్ణనకు నెపము కారాదు. పాత్రలు తమ స్వభావమును బట్టి నడువవలెను గాని కవి సరదాను బట్టి కాదు. అన్నిటికిని మించి, కవిత్వము జాతి జీవనముతో ముడిపడినది. జాతి చేవ తగ్గిన కాలమున కవిత్వము అలంకారముల మూటయై మిగులును.

ఈ కొలబద్దకు సూరన కథయే చక్కని ఉదాహరణము. ‘కళాపూర్ణోదయము’ ద్వారకలో కలభాషిణి ఉయ్యాలతో మొదలగును. నారదుడు, మణికంధరుడు, రంభా నలకూబరులు, మణిస్తంభుడు, సుముఖాసత్తి వచ్చుచు పోవుచుందురు. సగము దూరము నడచినను ఏది యెందుకు జరిగినదో పాఠకునకు తెలియదు. తుదకు పసికందైన మధురలాలస నోట పూర్వకథ వెలువడగా, విడివిడిగా తోచిన సంగతులన్నియు ఒక్క ముడిలో బిగిసికొనును. సూరనయందు రెడ్డిగారు మెచ్చినది ఈ కథాకల్పనాశక్తిని. అష్టాదశవర్ణనలు వరుసగా పేర్చి, నడుమ నాయకుని నిలిపిన ప్రబంధములయందు ఆయనకు దొరకనిది ఈ ముడి. అవయవములన్నియు ఉన్నవి, ఆయువు లేదు అనుట ఆయన అభియోగముయొక్క సారము.

‘ముసలమ్మ మరణము’ ఆ సిద్ధాంతమునకు పదునైదేండ్లు ముందే వచ్చిన ఆచరణము. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెఱువునకు గండిపడగా, ఊరిని కాపాడుటకు ప్రాణమర్పించిన రెడ్డియింటి కోడలు అందు నాయిక. రాజు లేడు, వేట లేదు, విరహము లేదు. పందొమ్మిదేండ్ల విద్యార్థి ప్రబంధపు సామగ్రిని పక్కకు నెట్టి ఊరిచెఱువును కావ్యవస్తువుగా గ్రహించుట నాటికి సాహసమే. చెఱువు నిండినచో పంట, తెగినచో వలస అని తాతలనాటి నుండి ఎఱిగిన మన మెట్టసీమ పిల్లలకు ఈ కథ వివరింప నవసరముండదు. తరగతిలో దీనిని చెప్పినపుడు వారు అడుగునది అలంకారమును గూర్చి కాదు. ఆమె అత్తమామలు ఎట్లు ఒప్పుకొనిరని అడుగుదురు. ఆ ప్రశ్నయే కావ్యము ప్రాణముతో ఉన్నదనుటకు గుఱుతు.

అయినను ఈ కొలబద్ద లోపము లేనిది కాదు. ప్రబంధము కంటితో ఏకాంతమున చదువుకొనుటకై పుట్టినది కాదు. సభలో పద్యము పద్యముగా చదివి, ఆగి, మెచ్చుకొని, మరల చదువుటకై పుట్టినది. అట్టి రచనలో ఒక్కొక్క పద్యమును తనంతట తాను నిలుచు శిల్పముగా చెక్కుట దోషము కాదు, ఆ ప్రక్రియయొక్క ధర్మము. దీనిని రెడ్డిగారు తగినంతగా తూచలేదు. ఆంగ్లవిమర్శకులవద్ద నేర్చిన ఏకసూత్రతను అన్నిచోట్లను వెదకుటచే కొందఱు కవులకు అన్యాయము జరిగినది. పండితులు ఖండనములు వ్రాయుట అకారణము కాదు. కాని ఆ ఖండనముల తరువాత గూడ ఒక మార్పు నిలిచినది. కావ్యము బాగున్నదనువాడు ఎందుకు బాగున్నదో చెప్పవలసిన కాలము వచ్చినది. పూర్వులు మెచ్చిరి గావున మేమును మెచ్చెదమను మాట చెల్లని నాణెమైనది.

మైసూరు బడి

విమర్శకుడు పాలకుడగుటకు మైసూరు శిక్షణాలయమైనది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు రెడ్డిగారు ఆ రాజ్యపు విద్యారంగమున ముఖ్యులలో నొకరు. అంతకు ముందే విదేశములలో పర్యటించి అచటి విద్యాసంస్థలను చూచి వచ్చిరి. విద్యాశాఖాధికారియైన పిదప, సర్కారు పాఠశాలల తలుపులు పంచమ బాలబాలికలకు తెఱవవలెనని పట్టుబట్టిరి. అగ్రవర్ణములలో కొందఱు ఎదిరించినను ఆయన వెనుదీయలేదు. పుస్తకమున జాతిజీవనమని వ్రాసినవాడు బడిగుమ్మమువద్ద ఆ మాటకు అర్థము చెప్పవలసి వచ్చినది, చెప్పెను.

తెనుగువారు మఱవరాని సంగతి యింకొకటి గలదు. కన్నడనాటి మహారాజా కళాశాలలో తెనుగు బోధించుటకు 1912లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు నియుక్తులైరి. నాటికి ఆయన ఇరువదేండ్లైన నిండని యువకుడు. ఆ ప్రతిభను గుర్తించి నిలిపినవారు రెడ్డిగారు. శర్మగారు దాదాపు నాలుగు దశాబ్దములు మైసూరుననే తెనుగు చెప్పిరి. తెలుగు రాజ్యభాష కానిచోట తెలుగు ఎట్లు బ్రతుకునని సందేహించువారికి ఈ నియామకము సమాధానము. ఒక్క సమర్థుడైన గురువు, ఆయనను కదలింపని సంస్థ, వినుటకు నలుగురు విద్యార్థులు: ఈ మూడు ఉన్నచోట భాష సరిహద్దును లెక్కపెట్టదు.

1918లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారును మైసూరునకు తత్త్వశాస్త్రాచార్యులుగా వచ్చిరి. 1921 వఱకు అక్కడనే ఉండిరి. ఆయన పుట్టినది తిరుత్తణి. అదియు నాటి ఉత్తరార్కాడు సీమయే; 1960లో మద్రాసు రాష్ట్రమున చేరినది. ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు మొదటి ఇద్దఱు ఉపాధ్యక్షులును తెలుగునాటి దక్షిణపు అంచున పుట్టి, మైసూరున పనిచేసినవారగుట మన సీమవారు గర్వముతో చెప్పుకొనదగిన విషయము.

పరిషత్తు – కథాసూత్రము

1921లో రెడ్డిగారు మైసూరు కొలువు విడిచి మద్రాసు రాజకీయములలో ప్రవేశించిరి. మొదట జస్టిసు పక్షమున చేరిరి. పిదప దానితో విడివడి, 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును నడపిరి. తీర్మానమునకు 44 ఓట్లు, ఎదుట 65 వచ్చినవి. ఓడిపోయిరి. అదే మంత్రివర్గమున విద్యామంత్రియైన ఏ.పి. పాత్రోగారు ఆంధ్రవిశ్వవిద్యాలయపు బిల్లును నెగ్గించిరి. 1926లో విశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగా ఏర్పడినపుడు, ఆ మంత్రివర్గమును కూలద్రోయజూచిన రెడ్డిగారే మొదటి ఉపాధ్యక్షులైరి. అర్హతయెదుట పక్షము ఓడుట అరుదైన సంఘటనము. నాటి పెద్దల సంస్కారమునకు ఇది సాక్ష్యము.

ఆయన చేతికి వచ్చినది ఏమి? రాజమహేంద్రవరము, విజయనగరము, కాకినాడ, బందరు, గుంటూరు మొదలగుచోట్ల అంతకుముందే నడచుచున్న కళాశాలలు. వానికి పరీక్షలు పెట్టి పట్టములిచ్చు అధికారము. బోధనశాఖలు లేవు, సొంత భవనములు లేవు. ఆయన భాషలోనే చెప్పవలెనన్న, ఇది వర్ణనలున్నను కథలేని ప్రబంధము. కళాశాలలను ఒక జాబితాగా పేర్చినంతమాత్రమున విశ్వవిద్యాలయము కాదు. పరిశోధన, బోధన, జాతిజీవనము మూడును కలియు ముడి కావలెను. ‘విశ్వకళాపరిషత్తు’ అను తెనుగు పేరునందే ఆ ముడి కనబడుచున్నది. అది పరీక్షల కచేరి కాదు, కళలకు సభ.

కేంద్రస్థానమెక్కడ అను వివాదము మొదటి యేండ్లను మింగినది. బెజవాడయని కొందఱు, రాజమహేంద్రవరమని కొందఱు, అనంతపురమని కొందఱు. తుదకు 1930లో వాల్తేరు స్థిరపడినది. ఈ కలహముల నడుమ గూడ పరిషత్తు చేసిన యొక పని కట్టమంచివారి ముద్రను చూపుచున్నది. 1928లో రాళ్లపల్లివారు మైసూరు నుండి వచ్చి, పరిషత్తు పక్షమున అనంతపురమున వేమనను గూర్చి ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసములు మఱుసటి యేడు గ్రంథమైనవి. పండితులు కవిగా లెక్కింప సంకోచించిన వేమనకు విశ్వవిద్యాలయపు వేదిక లభించినది. ప్రబంధకవుల పీఠమును కదల్చిన విమర్శకుడు ఉపాధ్యక్షుడైనపుడు ఆ పీఠమున ఎవరిని కూర్చుండబెట్టునో దీనివలన తెలియును. 1938లో వ్యావహారికభాషోద్యమ నాయకులు గిడుగు రామమూర్తిపంతులుగారికి ‘కళాప్రపూర్ణ’ బిరుదము నిచ్చి సత్కరించుటయు రెడ్డిగారి హయాములోనే జరిగినది.

1930లో ఉప్పుసత్యాగ్రహకాలపు దమననీతికి నిరసనగా రెడ్డిగారు పదవికి రాజీనామా నిచ్చిరి. సంస్థ ఇంకను పునాదులు దాటలేదు. తన చేతి పని సగములో ఉన్నది. అట్టి సమయమున విడిచిపెట్టుట తేలిక కాదు. కావ్యమునకు జాతిజీవనముతో పొత్తు ఉండవలెనని శాసించినవాడు, జాతి లాఠీదెబ్బలు తినుచుండగా సర్కారు మన్ననతో కుర్చీలో కూర్చుండలేకపోయెను. 1931లో రాధాకృష్ణన్‌గారు ఆ స్థానమునకు వచ్చిరి. వాల్తేరున కళాశాల తెఱచి, దేశపు నలుమూలలనుండి ఆచార్యులను రప్పించిన కీర్తి ఆయనది. తెలుగుశాఖకు పింగళి లక్ష్మీకాంతంగారు వచ్చినదియు అప్పుడే. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల విరాళముతో శాస్త్రకళాశాలకు అండయైరి. కావున పరిషత్తు నిర్మాణమును రెడ్డిగారి కొక్కరికే కట్టబెట్టుట చరిత్రకు న్యాయము కాదు. ఒకరు నాటిరి, ఒకరు నీరుపోసిరి. మరల మొదటివారే వచ్చి కంచెవేసిరి.

1936లో తిరిగి వచ్చిన రెడ్డిగారు 1949 వఱకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖపై బాంబులు వేసిరి. పరిషత్తు గుంటూరునకు తరలవలసి వచ్చినది. పుస్తకములు, పరికరములు, ఆచార్యులు, విద్యార్థులు ఊరుమారి, యుద్ధము ముగిసిన పిదప మరల వాల్తేరు చేరుట చిన్న విషయము కాదు. సంస్థకు ప్రాణము గోడలలో లేదని ఆ వలస నిరూపించినది. 1948లో రెడ్డిగారి పేరనే యేర్పడిన జాతీయబహుమానమును పరిషత్తు అరవిందులకు సమర్పించినది. నలుబదేండ్లక్రితము బరోడాలో ఎవరి ఖాళీస్థానమున తాను కూర్చుండెనో ఆ మహనీయునకు ఈ సత్కారము. ఆ సందర్భమున అరవిందులు పంపిన సందేశము భాషారాష్ట్రముల విభజనను, దేశైక్యమును కలిపి చర్చించినది. వైవిధ్యము చెడకుండ ఐక్యమెట్లు సాధ్యమను ప్రశ్న అందలి సారము. సరిహద్దువాసులకు ఆ ప్రశ్న ఈనాటికిని పాతబడలేదు.

లోటు

ఇక కొలబద్దను రెండవవైపు త్రిప్పవలెను. మైసూరున ఆచార్యత్వమునుండి ఏర్పడిన పాండిత్యముతో రెడ్డిగారు ‘అర్థశాస్త్రము’ను తెనుగున రచించిరి. ధనము, వెల, కూలి, బాడుగ, వర్తకము అను ఆధునికశాస్త్ర విషయములను తెనుగు మోయగలదని వాదించుటకు బదులు, మోయించి చూపిరి. ఇట్టి గ్రంథకర్త తెలుగువారి తొలి విశ్వవిద్యాలయమునకు అధిపతి యైనపుడు ఏమి ఆశింపవచ్చును? అర్థశాస్త్రమువలెనే చరిత్రయు, భౌతికమును, రసాయనమును తెనుగున వచ్చుననియు, కొంతకాలమునకైనను బోధన తెనుగున జరుగుననియు ఆశింపవచ్చును. అట్లు జరుగలేదు. ఆయన హయాము ముగియునప్పటికి పరిషత్తున తెలుగు గౌరవనీయమైన యొక పాఠ్యవిషయము. తక్కిన విషయముల నోరు మాత్రము ఆంగ్లము. తెలుగు కావ్యమున వర్ణన కథను మింగినదని ఆక్షేపించిన విమర్శకుడు, తెలుగు విశ్వవిద్యాలయమున తెలుగు ఒక వర్ణనగా మిగులుటను చూడవలసి వచ్చినది.

ఇది అసాధ్యమైన పనియని తోసివేయుటకు వీలులేదు. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లోనే ఉర్దూ బోధనభాషగా వెలసినది. దానికి ముందే, 1917లో, అనువాదసంస్థ నొకదానిని ఏర్పఱచి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెప్పించుచుండిరి. ఆ రాజ్యమున అధికసంఖ్యాకులైన తెలుగు ప్రజలకు అదియు పరభాషయే యగుట వేఱు సంగతి. భారతీయభాష విశ్వవిద్యాలయపు బరువు మోయగలదని మాత్రము అది చూపినది. అయితే న్యాయమునకు ఇంకొక తట్టును తూచవలెను. ఉస్మానియా వెనుక ఒక ప్రభువు ఆజ్ఞ, ఖజానా ఉన్నవి. పరిషత్తు వెనుక మద్రాసు సర్కారు ఇచ్చు పరిమితమైన గ్రాంటు, జమీందారుల ఔదార్యము ఉన్నవి. కొలువులకు ఆంగ్లమే మెట్టుగా ఉన్న కాలమున తల్లిదండ్రులే తెనుగు బోధనను కోరలేదు. ఉపాధ్యక్షుడొక్కడు ప్రవాహమునకు ఎదురీది ఎంతదూరము పోగలడు? ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథములు సిద్ధపఱచుటకై తెలుగు అకాడమి ఏర్పడినది 1968లో. అనగా రెడ్డిగారు పదవి విడిచిన పందొమ్మిదేండ్లకు. అప్పటికి ప్రభుత్వమే తెలుగువారిది. కావున దోషములో పెద్దపాలు కాలమునకును సమాజమునకును చెందును. ఆయన వంతు చిన్నదే, కాని శూన్యము కాదు. తానొక్క గ్రంథము వ్రాసి చూపినవాడు నూఱు గ్రంథములు వ్రాయించు ఏర్పాటును సంస్థకు ప్రాణముగా నిలుపలేదు.

రెండవ లోటు ఆయన లేఖినిది. 1914 తరువాత ఆయన వ్రాయకపోలేదు. పీఠికలు, వ్యాసములు, ఉపన్యాసములు పెక్కు వెలువడినవి. ‘వ్యాసమంజరి’, ‘లఘుపీఠికాసముచ్చయము’ మనకు దక్కినవి. కాని ‘కవిత్వతత్త్వవిచారము’ వంటి సమగ్రగ్రంథము మరల రాలేదు. తిక్కనను అదే పదునుతో పూర్తిగా విమర్శించిన గ్రంథము, తన సమకాలపు నవ్యకవిత్వమును తూచిన గ్రంథము ఆయన చేత రాకపోవుట తెనుగు విమర్శకు తీరనినష్టము. దీనిని పరిపాలనము మింగినదనక తప్పదు. ఆచార్యుని ఉపాధ్యక్షుని చేయునపుడు జాతి ఒక లాభమునకై ఒక నష్టమును కొనుచున్నది. ఈ బేరములో మనకు లాభమే హెచ్చని నా అభిప్రాయము. ఏలయన ఒక విమర్శగ్రంథమును తరువాతివా రెవరైన వ్రాయవచ్చును. 1926లో పునాది వేయు అవకాశము మరల రాదు. కాని లాభము హెచ్చగుట నష్టము లేకుండుట కాదు.

మూడవది ఆయన చేతిలో లేని లోటు, కాని మనసును కలచునది. కేంద్రస్థాన వివాదముల ఫలితముగా రాయలసీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయముతోనే ముడిపడి మిగిలినవి. 1945లో తిరుపతిలో దేవస్థానమువారు స్థాపించిన కళాశాలయు మద్రాసుకే అనుబంధమైనది. 1937నాటి శ్రీబాగు ఒడంబడికలో అనంతపురమునను విశ్వవిద్యాలయ కేంద్రముండవలెనని వ్రాసికొనుటకు ఈ అసంతృప్తియే కారణము. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలయువఱకు పరిస్థితి యిది. అనగా ఆంధ్రవిశ్వకళాపరిషత్తును పోషించిన కట్టమంచివారి సొంత చిత్తూరు సీమ ఆ పరిషత్తు గొడుగు క్రిందికి నిలుకడగా రాలేదు. 1949లో పరిషత్తును విడిచి ఆయన మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రోఛాన్సలరుగా మరలిపోయిరి. 1951 ఫిబ్రవరి 24న కీర్తిశేషులైరి. సరిహద్దున పుట్టినవాని జీవితము సరిహద్దు దాటి మొదలై, సరిహద్దు దాటియే ముగిసినది.

మనకు మిగిలిన పని

ఈ తూకమంతయు చూచిన పిదప మనము తెలిసికొనదగినది ఒకటి గలదు. సంస్థ ఎంత పెద్దదైనను భాషకు తాను గొడుగు మాత్రమే. వేరు మఱొకచోట ఉండును. తమిళనాట 2006లో వచ్చిన తమిళాభ్యసన చట్టము తరువాత మన పిల్లలు తమిళమును తప్పక నేర్చుకొనుచున్నారు. నివసించు రాష్ట్రపు భాషను నేర్చుటలో తప్పులేదు, మేలే గలదు. కాని దానిప్రక్క తెలుగునకు మిగులు గంటలెన్ని, ఆ గంటలలో మనము చదివించునది ఏమి అను ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవారము మనమే. వాల్తేరు చెప్పదు, హైదరాబాదు చెప్పదు. మన పొరుగున కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. దాని గుమ్మము దగ్గఱదే. కాని పదవతరగతిలో తెలుగు పద్యమును తడబడక చదువలేని బిడ్డకు ఆ గుమ్మము వాల్తేరంత దూరమే.

కట్టమంచివారి కొలబద్దను మన పాఠశాలకు పెట్టి చూచినచో, మన తెలుగు తరగతులును తఱచుగా వర్ణనలే. ప్రతిపదార్థము, సంధి, సమాసము, మార్కులు. ఈ అవయవములన్నియు ఉన్నవి. పిల్లవాడు ఇంట మాటలాడు తెలుగునకును, పుస్తకములోని తెలుగునకును నడుమ ముడి లేదు. ఇంట వాని అవ్వ చెప్పు చెఱువుకథను, పొలముమాటను, సామెతను తరగతిలోనికి రానిచ్చి, అచ్చటినుండి ‘ముసలమ్మ మరణము’నకు, వేమనకు, తిక్కనకు నడపినచో ఆ ముడి పడును. దీనికి ఉత్తరువు అక్కఱలేదు, గ్రాంటు అక్కఱలేదు.

సంఘము చేయదగిన పనియు ఒకటి గలదు. మైసూరున కొలువున్న తెలుగు పండితుని పిలిచి, బెజవాడ కేంద్రముగానున్న పరిషత్తు అనంతపురమున వేమనపై చెప్పించినది. పీఠమే ప్రజల ఊరికి నడచివచ్చినది. అట్లే ఏడాదికొకమాఱు హోసూరునగాని, రాయకోటనగాని, కెలమంగలమునగాని, ఉద్దనపల్లిననే గాని ఒక మంచి ఉపన్యాసమును ఏర్పాటు చేసి, దానిని చిన్న పొత్తముగా అచ్చువేయించినచో, పదియేండ్లకు పది పొత్తములు మన పాఠశాలల బీరువాలలో ఉండును. విశ్వవిద్యాలయము లేని సీమకు అది చిన్న విశ్వకళాపరిషత్తు. కట్టమంచివారిని పూజించుటకంటె, ఆయన సగములో విడిచిన పనిని మన చేతికందినంత మేర పూర్తిచేయుట ఆయనకు తగిన స్మారకము.